నలుపు విడవని నీనో

కిందటి సంక్రాంతి సెలవులకి మా ఆడపడుచు కూతురొస్తే గోల్కొండ చూపించడానికి తీసుకెళ్లాను. అందరూ చేసే పనే... కింద ద్వారం దగ్గర చప్పట్లు కొట్టడం, పైకెక్కి ఆయాసపడటం, ఫొటోలు దిగడం. తిరిగొస్తుంటే ఆ పిల్ల అడిగింది, ఇక్కడి వజ్రాలన్నీ ఇప్పుడు ఎవరెవరి దగ్గరున్నాయి అత్తయ్యా అని. కోహినూర్ తప్ప ఇంకో పేరు నా నోటికి రాలేదు. చిన్నతనంగా అనిపించి, ఇంటికొచ్చాక పుస్తకాలు ముందేసుకు కూచున్నాను. అలా దొరికింది ‘షా’ వజ్రం.

బరువు 88.7 క్యారట్లు. కాస్త పసుపు ఛాయ. గోల్కొండ గనుల్లో పుట్టిందని చెబుతారు. దాని మీద ముగ్గురు రాజుల పేర్లు చెక్కి ఉన్నాయి. 1591లో అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షా, 1641లో షాజహాన్, ఆ తర్వాత పర్షియా పాలకుడు ఫతే అలీ షా. నాదిర్షా 1739లో ఢిల్లీని దోచుకున్నప్పుడు అది పర్షియాకి పోయింది. అక్కణ్ణించి 1829లో రష్యా జార్ మొదటి నికొలస్ చేతికెళ్లింది. ఇప్పుడు మాస్కోలో క్రెమ్లిన్ వజ్రాల నిధిలో ఉంది.

ఎందుకిచ్చారు అంత రాయి? టెహరాన్‌లో జనం ఎగబడి రష్యా రాయబారిని చంపేశారు. ఆ రక్తానికి ధర ఇదని లోకం చెప్పుకుంటుంది. కాదు, యుద్ధ పరిహారం తగ్గించమని పంపిన కానుకల్లో ఇదొకటి అనే చరిత్రకారులూ ఉన్నారు. ఏదైతేనేం, చచ్చిపోయిన ఆ మనిషికో భార్య ఉంది. పదహారేళ్ల పిల్ల. కడుపుతో ఉంది. ఆమె పేరు నీనో. వజ్రం సంగతి పక్కన పడేసి నీనో వెంట పడ్డాను.

ఆమెది జార్జియా. నల్లసముద్రానికి తూర్పున, కాకసస్ కొండల కింద ఉన్న చిన్న దేశం. పైన రష్యా, పక్కన తుర్కులు, కింద పర్షియా. మధ్యలో తరతరాలుగా నలిగిపోయిన క్రైస్తవ రాజ్యం. నీనో పుట్టిన చవ్‌చవాద్జే వంశం అక్కడి పేరున్న జమీందారీ కుటుంబాల్లో ఒకటి. తాత గార్సెవాన్, ఎరెక్లె రాజుకి రష్యాలో రాయబారి. 1783లో జార్జియాని రష్యా కాపాడాలంటూ కుదిరిన ఒడంబడిక మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఆయనొకరు. కాపాడటం మాట దేవుడెరుగు! 1795లో పర్షియా సైన్యం వచ్చి రాజధాని తిఫ్లిస్‌ని (ఇవాళ్టి తిబిలిసి) బూడిద చేస్తుంటే రష్యా కదల్లేదు. 1801లో మాత్రం వచ్చి రాజ్యాన్నే కలిపేసుకుంది.

నాన్న అలెగ్జాండర్ మరీ విచిత్రమైన మనిషి. 1786లో పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. రష్యా మహారాణి కేథరిన్ ఆయనకి జ్ఞానస్నానపు తల్లి. అలాంటివాడు పద్దెనిమిదేళ్లకే రష్యా మీద తిరగబడిన వాళ్లలో కలిశాడు. తర్వాత అదే రష్యా సైన్యంలో చేరి, నెపోలియన్‌ని ఓడించి పారిస్‌లో అడుగుపెట్టిన దండులో నడిచాడు. జనరల్ అయ్యాడు. జార్జియన్ భాషలో పేరున్న కవీ అయ్యాడు. కాపలా కాసే చెయ్యే కట్టేసే చెయ్యి అయినప్పుడు మనిషి అటూ ఇటూ ఎలా ఊగుతాడో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

కఖేతి ప్రాంతంలో సినందాలి అనే ఊళ్లో వాళ్ల భవంతి. తండ్రి దాన్ని యూరప్ పద్ధతిలో తీర్చిదిద్దాడు. పెద్ద తోట, గ్రంథాలయం, పియానో. జార్జియాలో తరతరాలుగా నేలలో పాతిన పెద్ద మట్టి బానల్లో ద్రాక్షసారా పులియబెట్టేవారు. ఆయన యూరప్ పద్ధతిలోనూ తీయించి సీసాల్లోకెక్కించాడు. సినందాలి పేరుతో ఇప్పటికీ ఆ దేశపు తెల్ల వైన్ అమ్ముతారు. ఈ వైభవమంతా ఎవరి చెమటతో అని అడగాలిగా మనం! వెట్టి రైతుల చెమట. నీనో ఎంత మంచిదైనా ఆ ఇంటి పిల్లే.

తల్లి సలొమె, ఓర్బెలియానీల ఆడపడుచు. 1812లో నీనో పుట్టింది. ఆ తర్వాత ఎకతెరీనె, దావిత్, చాలా ఆలస్యంగా సోఫియో.

పియానో మాస్టారు

తిఫ్లిస్‌లో అఖ్వెర్దొవా అని ఒక జనరల్ గారి భార్య ఉండేది. భర్త పోయాక తన పిల్లల్తో పాటు నీనోకీ చదువూ సంగీతం చెప్పించింది. ఆ ఇంటికి వచ్చిపోయే రష్యన్ ఉద్యోగుల్లో ఒకాయన కళ్లద్దాల మనిషి. పేరు అలెగ్జాండర్ గ్రిబయేదొవ్. (ఈ కథలో అలెగ్జాండర్లు ఎక్కువ, కాస్త గుర్తుపెట్టుకోండి.) ఎన్నో భాషలొచ్చు, పియానో వాయిస్తాడు. ఆయన కట్టిన రెండు వాల్ట్‌జ్‌లు ఈనాటికీ వాయిస్తున్నారు. ఆయన రాసిన నాటకం పేరుకి మన మాటల్లో ‘తెలివి తెచ్చిన తంటా’ అని అర్థం చెప్పుకోవచ్చు. మాస్కో పెద్దమనుషుల్ని ఉతికి ఆరేసిన నాటకం కదా, ప్రభుత్వం అచ్చు కానివ్వలేదు. జనం చేత్తో రాసుకుని చదువుకున్నారు. రష్యాలో కోత లేకుండా అచ్చయింది 1862లో! అప్పటికి నీనో కూడా లేదు.

చిన్నపిల్ల నీనోకి పియానో నేర్పింది ఆయనే. కొన్నేళ్ల తర్వాత, 1828 వేసవిలో పర్షియాకి రాయబారిగా వెళ్తూ తిఫ్లిస్‌లో ఆగాడు. అఖ్వెర్దొవా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎదురుగా నీనో. భోజనాలయ్యాక, చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పాలి రమ్మన్నాడు. ఎప్పట్లాగే పియానో ముందు కూచోబెడతాడనుకుని ఆ పిల్ల వెనకే వెళ్లింది. పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఏడ్చింది, నవ్వింది. వెంటనే వెళ్లి అమ్మకి చెప్పారు. తండ్రి యెరెవాన్ వైపు ఉద్యోగంలో ఉంటే ఆయనకి కబురు వెళ్లింది. ఇదంతా గ్రిబయేదొవే ఒక స్నేహితుడికి ఉత్తరంలో రాసుకున్నాడు.

ఆయనకి ముప్ఫయి దాటాయి. ఆమెకి పదహారు నిండలేదు. పాఠం చెప్పిన మాస్టారు! ఇవాళ మన పక్కింట్లో జరిగితే పోలీసులకి చెబుతాం. ఆ రోజుల్లో అది మామూలే, ఇక్కడా అంతే, అక్కడా అంతే. అలాగని నాకేం ముచ్చటగా అనిపించలేదు. కానీ ఆ పిల్ల మాత్రం సంతోషంగానే వెళ్లిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆగస్టు 22న సియోని చర్చిలో పెళ్లి. (అప్పటి రష్యా పంచాంగం లెక్క అది, ఈ కథలో తేదీలన్నీ ఆ లెక్కవే.) పెళ్లికొడుకు జ్వరంతో వణుకుతున్నాడు. ఉంగరం చేతిలోంచి జారి కింద పడింది. అపశకునాలు మనకే సొంతం కాదన్నమాట.

సెప్టెంబర్‌లో పర్షియా ప్రయాణం. గుర్రాల మీద, గుడారాల్లో బస చేస్తూ తబ్రీజ్ చేరారు. అప్పటికి నీనోకి నెల తప్పింది, ఒంట్లో బాగుండటం లేదు. డిసెంబర్‌లో భర్త టెహరాన్ వెళ్తూ ఆమెని తబ్రీజ్‌లోనే బ్రిటిష్ రాయబారి మెక్‌డొనాల్డ్ కుటుంబం దగ్గర ఉంచాడు. పెళ్లయిన దగ్గర్నించీ వాళ్లు కలిసి ఉన్నది లెక్కేస్తే నాలుగు నెలలు కూడా కాదు!

టెహరాన్‌లో ఏం జరిగింది? యుద్ధంలో ఓడిన పర్షియా రెండు కోట్ల వెండి రూబుళ్లు కట్టాలని 1828లో సంధి. ఆ సంధి తయారీలో గ్రిబయేదొవ్ చెయ్యి ఉంది. రష్యాకి వెళ్లిన ప్రాంతాల నుంచి పట్టుకొచ్చిన బందీల్ని తిరిగి వెళ్లనివ్వాలని కూడా అందులో ఉంది. ఆ మాట నమ్ముకుని షా జనానాలో పనిచేసే మీర్జా యాకూబ్ అనే ఆర్మేనియన్ నపుంసకుడు రష్యా రాయబారి ఇంట్లో తలదాచుకున్నాడు. షా అల్లుడు అల్లాయార్ ఖాన్ జనానాలోంచి ఇద్దరు ఆర్మేనియన్ స్త్రీలూ వచ్చారు. అప్పజెప్పమన్నారు, గ్రిబయేదొవ్ అప్పజెప్పనన్నాడు. 1829 జనవరి 30న వేలమంది గోడలెక్కి దూకారు. కార్యదర్శి మాల్త్సోవ్, మరొకరిద్దరు తప్ప రాయబార బృందంలో ఎవరూ మిగల్లేదు. పెద్ద పెద్ద సంధులూ వజ్రాలూ అందరికీ గుర్తే. ఇంటికి పోతామని గడపదాటిన ఆ ఇద్దరాడవాళ్లని మాత్రం ఎవరూ తల్చుకోరు.

శవాన్ని గుర్తుపట్టడానికి వీల్లేకపోయింది. ఎప్పుడో 1818లో ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి వంకరపోయిన ఎడమచేతి చిటికెనవేలు చూసి గుర్తుపట్టారు.

తబ్రీజ్‌లో నీనోకి ఎవరూ చెప్పలేదు. గర్భిణి కదా. ఏవో సాకులు చెప్పి తిఫ్లిస్ తీసుకొచ్చారు. ఇంటికి చేరాక ఎంతకాలమని దాస్తారు! తెలిసింది. నెలలు నిండకుండానే కాన్పయింది. మగపిల్లాడు. తండ్రి పేరే పెట్టారు, అలెగ్జాండర్. గంటసేపు బతికాడు.

భర్త శవపేటిక ఎడ్లబండి మీద కొండదారుల్లో నెలల తరబడి ప్రయాణించి వచ్చింది. దారిలో తనకి ఆ బండి ఎదురైందని మహాకవి పుష్కిన్ రాసుకున్నాడు. ఊరి పొలిమేరలో కాగడాల వెలుతురులో ఆ పెట్టెని చూసి నీనో స్పృహ తప్పిందంటారు. జూలై 18న తిఫ్లిస్‌కి పైనున్న మ్తత్స్‌మిందా, అంటే ‘పవిత్ర పర్వతం’ మీద, సెయింట్ డేవిడ్ గుడి పక్కన ఖననం చేశారు. తను పోతే పర్షియాలో వదిలెయ్యొద్దని, ఆ కొండ మీదే పెట్టమని ఆయన ముందే ఆమెతో అన్నాడని చెబుతారు.

ఇరవై ఎనిమిదేళ్లు

చాలామంది ఇక్కడితో కథ ఆపేస్తారు. ఆ తర్వాత ఒక్క వాక్యం. నల్లబట్టలు కట్టుకుని చనిపోయేదాకా ఆయన్నే తల్చుకుంది, జనం ఆమెని తిఫ్లిస్ నల్లగులాబీ అన్నారు, అంతే. నాకు మింగుడుపడనిది అదే. నాలుగు నెలల కాపురానికి పుస్తకాలు రాశారు, ఇరవై ఎనిమిదేళ్ల బతుక్కి ఒక్క వాక్యమా?

మా అమ్మమ్మకి ఒక అక్క ఉండేది. పదమూడో ఏట భర్త పోయాడు, అతని మొహం కూడా సరిగ్గా గుర్తులేదనేది. నాకు ఊహ తెలిసేసరికి ముతక తెల్లపంచె, బోడిగుండు, వంటిల్లు. మడి కట్టుకుని అందరికీ వండి తను ఒంటిపూట తినేది. కొత్తబట్టలు కట్టుకుని బయల్దేరేటప్పుడు ఆవిడ ఎదురురాకుండా చూసుకునేవాళ్లం. నేనూ చూసుకున్నాను, చిన్నప్పుడు. ఆవిడని ఎవరూ తెల్లగులాబీ అనలేదు.

అందుకే నీనో నలుపు గురించి చదువుతుంటే నా మనసు రెండు ముక్కలైంది. నీనోని ఎవరూ బలవంతపెట్టలేదు. వాళ్ల చర్చి మళ్లీ పెళ్లికి అడ్డు చెప్పదు. వచ్చిన సంబంధాలకి లెక్కలేదు. కవి, సైనికాధికారి గ్రిగోల్ ఓర్బెలియాని ఏళ్ల తరబడి ఆమెనే కోరుకున్నాడు. ఆమె కాదంది, ఆయనా పెళ్లి చేసుకోలేదు. మా అమ్మమ్మ అక్కకి లేనిదీ, నీనోకి ఉన్నదీ అదే, కాదనే అధికారం. అయితే ఇంకోటి కూడా అనిపిస్తుంది. ఇరవై ఏళ్ల పిల్లని ఊరంతా నల్లగులాబీ అని నెత్తిన పెట్టుకున్నాక, ముప్ఫయ్యో ఏట ఒక ఉదయం ఆమెకి ఏ నీలం గౌనో వేసుకోవాలనిపిస్తే? వేసుకోగలిగేదా? పొగడ్త కూడా ఒక్కోసారి ముతకపంచె లాంటిదే.

పోనీ ఆ ఏళ్లలో ఏం చేసింది? నల్లబట్టలతోనే ఇల్లంతా మోసింది. 1832లో జార్జియా ప్రభువులు రష్యా మీద కుట్ర పన్ని దొరికిపోయారు. తండ్రిని అరెస్టు చేసి దూరంగా పంపించారు, కొంతకాలానికి తిరిగొచ్చాడు. 1846లో బండి గుర్రం బెదిరి, కిందపడి పోయాడు. ఆ తర్వాత నీనో ఎక్కువగా చెల్లెలు ఎకతెరీనె దగ్గరుండేది.

ఎకతెరీనె కథ మరో పెద్ద కథ. కవి నికొలొజ్ బరతాష్విలి ఆమెని ప్రేమించి కవితలు రాశాడు. బీదవాడు, కుంటివాడు, ఇరవై ఏడేళ్లకే పోయాడు. ఆమె ఆ కవితల రాతప్రతిని భద్రంగా దాచబట్టే లోకానికి దక్కాయి. పెళ్లి మాత్రం నల్లసముద్రపు ఒడ్డున మింగ్రేలియాని ఏలే దావిత్ దాదియానితో అయింది. 1853లో ఆయన పోయాడు. కొడుకు పసివాడు. ఎకతెరీనె పాలన చేతిలోకి తీసుకుంది. 1855లో తుర్కు సేనాపతి ఒమర్ పాషా దండెత్తి వచ్చి తమ వైపు రమ్మని కబురు పంపితే ఒప్పుకోక, స్వయంగా సైన్యాన్ని నడిపింది. పిల్లల పెంపకంలో అక్క తోడు. ఆ పిల్లల్లో సలొమె తర్వాత నెపోలియన్ చెల్లెలి మనవడు అషిల్ మ్యురాని చేసుకుంది. జుగ్దిదిలోని దాదియానీల భవనంలో నెపోలియన్ మృతముఖం అచ్చు ఉందంటే ఆ వియ్యం వల్లే!

ఈలోగా పుట్టింటి మీద పిడుగు పడింది. 1854 జూలై. దాగెస్తాన్ కొండల్లో రష్యాతో పోరాడుతున్న ఇమామ్ షమీల్ మనుషులు నది దాటి సినందాలి మీద పడ్డారు. తమ్ముడు దావిత్ ఇంట్లో లేడు, కాపలా దండుతో ఇంకోచోట ఉన్నాడు. భవంతి తగలబెట్టారు. మరదలు ఆన్నా, ఆమె చెల్లెలు వర్వారా, పిల్లలు, పాఠాలు చెప్పడానికి వచ్చిన ఫ్రెంచి పంతులమ్మ, అందర్నీ గుర్రాల మీద కట్టి తీసుకుపోయారు. ఆన్నా ఒడిలో నాలుగు నెలల పిల్ల లీదియా. ఒక చేత్తో రౌతుని పట్టుకుని, ఇంకో చేత్తో పసిదాన్ని అదుముకుని కూచుంది. దారిలో తుపాకులు పేలాయి, గుర్రం పరుగెత్తింది. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు జారింది... ఆ తర్వాత వాక్యం చదవడానికి నేను పుస్తకం మూసి మళ్లీ తెరవాల్సి వచ్చింది.

ఎనిమిది నెలలు వేదెనోలో షమీల్ ఇంట్లో బందీలుగా ఉన్నారు. షమీల్ అడిగిందేమిటో తెలుసా? కొడుకుని. 1839లో రష్యన్లు ఆ కొడుకు జమాలుద్దీన్‌ని చిన్నప్పుడే జామీనుగా తీసుకుపోయి పీటర్స్‌బర్గ్‌లో పెంచారు. అతను రష్యా సైన్యంలో అధికారి అయ్యాడు, తల్లిభాషే మర్చిపోయాడు. ఆడవాళ్లని విడిపించడానికి వెనక్కి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. 1855 మార్చిలో ఒక నది ఒడ్డున మార్పిడి జరిగింది. అతనూ, 40 వేల రూబుళ్లూ అటు, ఆన్నా వాళ్లు ఇటు. ఆ కుర్రాడు కొండల్లో ఇమడలేక మూడేళ్లకే చనిపోయాడు. ఆ డబ్బు కోసం దావిత్ అప్పులపాలయ్యాడు. ఆయన పోయాక సినందాలి జార్ ఖజానాకి వెళ్లిపోయింది. బాగుచేసిన ఆ భవంతి ఇప్పుడు మ్యూజియం.

1857 మింగ్రేలియాకి కష్టకాలం. వెట్టి భరించలేక ఉతు మికావా అనే కమ్మరి నాయకత్వంలో రైతులు ఎకతెరీనె మీద తిరగబడ్డారు. అదే సాకుగా రష్యా పాలన లాక్కుంది. ఆ ఏడే తిఫ్లిస్‌లో కలరా. ఓపిక ఉన్నవాళ్లంతా ఊరు విడిచారు. నీనో వెళ్లలేదు. జబ్బుపడ్డ బంధువుల దగ్గరుండి చూసుకుంది. తనకీ తగులుకుంది. నలభై నాలుగేళ్లు. కొండ మీద భర్త పక్కనే పెట్టారు. 1929లో, గ్రిబయేదొవ్ పోయిన నూరేళ్లకి, ఆ చోటుని జార్జియా ప్రముఖుల సమాధిస్థలంగా చేశారు.

అక్కడ ఒక కంచు విగ్రహం ఉంది. సిలువని కౌగలించుకుని మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్న స్త్రీ. అది నీనోయే అంటారు. ఆమే చేయించింది. రాతి మీద చెక్కించిన మాటల్లో ముందు ఆయన తెలివికి పొగడ్త, ఆ వెంటనే ఒక నిలదీత. ఆయన పోయాక తన ప్రేమ ఇంకా ఎందుకు బతికుందని. ఆ విగ్రహం పెట్టింది 1830ల మొదట్లో, అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైగా ఆ కొండెక్కి వచ్చి, పూలు పెట్టి, ఏడుస్తున్న తన బొమ్మ పక్కన కాసేపు నిలబడి, కిందకి దిగి, చెల్లెలి పిల్లల దగ్గరికో మరదలి దగ్గరికో వెళ్లిపోయేది.